ఎనిమిది కవర్ల వీధి

"మీటరు చూడాలమ్మా," అన్నాడు గుమ్మంలో ఫైలు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి.

పళ్ల డాక్టరు గారి భార్య ఆయన్ని నేరుగా మెట్ల కిందికి తీసుకెళ్లి కరెంటు మీటరు చూపించింది. ఆయన బట్టతల గోక్కుని, తాను సర్వే ఆఫీసు నుంచి వచ్చానని, చూడాల్సింది కారు మీటరని చెప్పాడు.

లోపల కాఫీ తాగుతున్న డాక్టరుకు పొలమారింది. ఊళ్లో అందరి పళ్లూ పీకే మనిషికి తన పళ్లే టకటక కొట్టుకున్నాయి.

సర్వే ఆయన మహా హుషారుగా ఉన్నాడు. ఇంటికో కారు ఉండి, ఒక్కటీ రోడ్డెక్కని వీధి ఊరు మొత్తానికి ఇదొక్కటేనట. ఎనిమిది ఇళ్లు, ఎనిమిది కార్లు, ఎనిమిదింటికీ కవర్లు. బడి, బజారు, ఆఫీసు నాలుగడుగుల్లో ఉంటే కారున్నవాడు కూడా షికారు మాని నడుస్తాడని ఆయన రాసిన రిపోర్టుకు ఈ వీధే సాక్ష్యమట. మీటర్లు రాసుకుంటే పని అయిపోతుందన్నాడు. ఎవరి పని అన్నది డాక్టరుకే తెలుసు.

ఎందుకంటే ఆయన కారు అమ్మేసి రెండేళ్లయింది. ఊరి చివర కాలనీలో ఉన్నప్పుడు పాల ప్యాకెట్టుకూ కారే తియ్యాల్సి వచ్చేది. ఇక్కడికి మారాక క్లినిక్కు సందు మలుపులో. నాలుగు నెలలు కదలని కారులో ఎలుకలు కాపురం పెట్టాయి. రిపేరుకని తీసుకెళ్లి గుట్టుగా అమ్మేశాడు.

గుట్టెందుకంటే, వీధి సంఘం అధ్యక్షుడు ఒక రూలు పెట్టాడు. ఎవరి కారు జాగా ఖాళీగా కనిపిస్తే వాళ్ల కిటికీ ముందు మునిసిపాలిటీ ఇచ్చిన రెండు పెద్ద చెత్తకుండీలు పెట్టిస్తాడు. కుండీలు ఎప్పుడో వచ్చాయట, భద్రంగా దాచాడట, జాగా దొరకడమే ఆలస్యమట. ఎదురుపడ్డప్పుడల్లా ఇదే పాట.

అందుకే డాక్టరు ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా క్లినిక్కులోని పాత పళ్ల కుర్చీ తెచ్చి, ముందొక బల్ల, వెనకొక బల్ల వేసి, పైన కవరు కప్పాడు. నగల్లోనే కాదు, కార్లలోనూ కవరింగు ఉంటుందని కనిపెట్టిన మొనగాణ్ని తనే అనుకున్నాడు. రోజూ పొద్దున్నే కవరును గుడ్డతో తుడిచేవాడు కూడా. వీధిలో అందరూ తుడిచేవారు మరి.

మీటరు సంగతి తెలిసి వీధంతా పోగయింది. అధ్యక్షుడూ వచ్చాడు. డాక్టరు తాళంచెవి కనపడటం లేదని గొణిగాడు.

"అద్దంలోంచి చూస్తాలెండి," అంటూ సర్వే ఆయన కారు నడినెత్తిన చెయ్యి ఆనించాడు. లోపల పళ్ల కుర్చీ లీవరు కదిలింది. కారు నెమ్మదిగా వెనక్కి వాలి పడుకుంది.

"టైర్లలో గాలి దిగడం చూశాను గానీ, టాపులో దిగడం ఇదే చూడటమండీ," అన్నాడాయన.

ఇక దాచి లాభం లేదు. డాక్టరు కవరు లాగేసి అధ్యక్షుడి ముందు నిలబడ్డాడు.

"మేం కారున్నవాళ్లం కాదు బాబాయ్. రెండేళ్ల నుంచి కాళ్లున్నవాళ్లం, అంతే. ఆ కుండీలేవో మా కిటికీ ముందే పెట్టించండి."

ఎవరూ నవ్వలేదు. డాక్టరుకు అదే వింతగా తోచింది. ఎదురింటి టైలరమ్మ గొంతు సవరించుకుని తన కవరు తీసింది. రెండు మంచాలు, ఒక పరుపు చుట్ట. పక్కింటి లెక్కల టీచరు తీశాడు. తిరగేసిన జారుడుబల్ల. అలా డాక్టరుదితో కలిపి ఏడు కవర్లు లేచాయి. ఏడింటి కింద కలిపి దొరికిన చక్రం ఒక్కటే, అదీ పాత కుట్టుమిషనుది.

సర్వే ఆయన కాగితం మీద ఎనిమిది కొట్టేసి ఒకటి వేసుకున్నాడు. ఆ ఒక్కదాని మీద ఆశతో అధ్యక్షుడి వైపు తిరిగాడు.

"మీరైనా మీటరు చూపించండి సార్."

అధ్యక్షుడు తాళంచెవి కోసం ఉన్న జేబులూ లేని జేబులూ తడుముకున్నాడు. ఆయన భార్య చూసి చూసి, విసుగ్గా వచ్చి కవరు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

కవరు కింద, వీధి మొత్తాన్ని ఇన్నాళ్లూ వణికించిన ఆ రెండు చెత్తకుండీలు పక్కపక్కన బోర్లా పడుకుని ఉన్నాయి.