మంగాదేవి శాపనార్థాలు

“నా పెండ్లాన్ని నాతోని పంపనీకి నీకేం నొప్పి?” అంటూ హరిప్రసాద్ ఇనుప గేటును కాలితో తన్నాడు.

గేటుకు ఇవతల దేవే అనే ఆమె అడ్డంగా నిలబడింది. భోపాల్‌పట్నంలో ఒకప్పుడు బీడీలు చుట్టే తునికాకు దాచిన గోదాం అది. ఇప్పుడు ఊరి ఆడవాళ్ల సమితి నడిపే తల్లీపిల్లల కేంద్రం. మొగుళ్ల దెబ్బలకు తాళలేక పిల్లల్ని చంకనేసుకొచ్చిన వాళ్లకు అక్కడ ఇంత చోటు, ఇంత కిచిడీ, కాస్త ధైర్యం దొరుకుతాయి. దానికి కాపలా, పెద్దదిక్కు అన్నీ దేవేనే.

“కాలు దించు సేట్. తన్నుడు నీ ఇంట్ల నడుస్తదేమో. ఇక్కడ నడ్వది.”

గేటు చప్పుడుకు లోపల రెండేళ్ల పాప గౌను తడుపుకుంది. నిన్న వచ్చినప్పటి నుంచీ అంతే. మగగొంతు లేస్తే చాలు, ఆ బిడ్డ నిలబడ్డచోటే తడిసిపోతుంది. దాని తల్లి కిరణ్మయికి ఎడమ చెవి వాచి మూసుకుపోయింది. కుడివైపు నిలబడి మాట్లాడితేనే వినిపిస్తుంది.

జనం పోగయ్యేసరికి హరిప్రసాద్ గొంతు మార్చాడు.

“కిరణ్మయీ! తప్పయింది. పాప మీద ఒట్టు, ఇంక చెయ్యెత్త. రా, ఇంటికి పోదాం.”

దేవే వెనక్కి తిరిగి చూసింది. కిరణ్మయి బట్టలు మూట కడుతోంది!

“ఏందే ఇది? చెవి వాపన్న తగ్గలే!”

“పాప మీద ఒట్టేసిండు గదక్కా.”

“మొన్న ఎవరి మీద ఏసిండు?”

కిరణ్మయి తల దించుకుంది. “పుట్టింట్ల నాకెవరున్నరక్కా? ఎన్ని దినాలని మీ మీద పడి తింట?”

దేవేకు ఒళ్లు మండిపోయింది. వాడి మీద, ఈ పిచ్చిదాని మీద, నోరు తెరవకుండా వినోదం చూస్తున్న జనం మీద. ఇలాంటి ఒట్లు విని విని ఆమె చెవులు తుప్పు పట్టాయి. కానీ వెళ్తానన్న మనిషిని కట్టేసి ఉంచలేం కదా. పళ్లు కొరుకుతూ గేటు గడియ మీద చెయ్యి వేసింది. పాపను చంకనెత్తుకుని కిరణ్మయి ముందుకు వచ్చింది.

అప్పటిదాకా గేటు బయట ఆగిన జీపులో బొమ్మలా కూర్చున్న హరిప్రసాద్ తల్లి మంగాదేవి ఒక్క ఉదుటున కిందికి దిగింది.

“ఎవతెరా ఇంటికొచ్చేది? గడప దాటిపోయిన ముండ మళ్ల నా గడప తొక్కుతదా? తొక్కిందంటే దూలానికి ఉరేసుకుంట!”

“అమ్మా, ఊకో!”

“ఎందుకు ఊకోవాలెరా? బజార్ల మన పరువు తీసింది. నా ఇంట్లకు వస్తే దీనికీ, దీని బిడ్డకూ అన్నంల విషం పెడత! చూస్కో!”

గేటు ఊచల్లోంచి కిరణ్మయి కాళ్ల ముందు తుపుక్కున ఉమ్మింది.

కిరణ్మయి అడుగు ఆగిపోయింది. అత్త ముఖంకేసి ఒకసారి చూసి, పాపను గుండెకు అదుముకుని, గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

దేవే కోపం కట్టలు తెంచుకుంది.

“థూ! నువ్వు ఆడపుట్టుక పుట్టినవా? పసిబిడ్డకు విషం పెడతవా? నీ కొడుక్కి చెయ్యెత్తే బుద్ధి ఎక్కడికెల్లి వచ్చిందో అనుకున్న, నీ కాడికెల్లేనా! పురుగులు పడి చస్తవ్ షావుకారమ్మా! కొడుకుతోపాటు నిన్ను గూడ ఠాణాకు ఈడుస్త!”

జనంలోంచి ఎవరో మంగాదేవి మీదికి గుప్పెడు మన్ను విసిరారు. ఇంకెవరో బూతు తిట్టారు. మంగాదేవి ముఖం మీది మన్ను కొంగుతో తుడుచుకుంది.

“వచ్చేదాన్ని రాకుంట చేసినవ్ గదనే ముసలిదానా!” హరిప్రసాద్ తల్లి జబ్బ పట్టి జీపులోకి తోశాడు. “ఇంటికి నడువు, నీ సంగతి చెప్త.”

జీపు దుమ్ము రేపుకుంటూ వాళ్ల ఊరు ఉసూర్ తోవ పట్టింది. దేవే గడియ బిగించి లోపలికి వచ్చింది.

“పీడ పోయింది. అసుమంటి రాకాసి కింద ఇన్నేండ్లు ఎట్ల బతికినవే?”

కిరణ్మయి కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డుకేసి చూస్తోంది. కళ్లు ధారలు కడుతున్నాయి.

“నిన్న మమ్ముల బస్సెక్కించి నీ కాడికి తోలింది ఆమెనేనక్కా... ఇయ్యాల నా దెబ్బలు గూడ ఆమెనే తింటది.”