టర్బోనా? సూపర్‌చార్జరా?

"తేల్చి చెప్పు ఉమా! టర్బోనా, సూపర్‌చార్జరా?"

శనివారం ఉదయం ఎనిమిది గంటలకు, అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఉమామహేశ్వరిని ఆమె ఇంటి ముందే నిలదీశాడు హరనాథ్. డేటా సెంటర్‌లో కూలింగ్ ఇంజనీరు ఆయన. చేతిలో ల్యాప్‌టాప్, అందులో ఎక్సెల్ షీటు.

"టర్బో ఏంటి సార్! అక్కా, సూపర్‌చార్జరే పెట్టించు," అన్నాడు పక్కనే ఉన్న సత్యానందం. అతనూ ఇంజనీరే.

ఇద్దరికీ చెరో పెద్ద పికప్ ట్రక్కు ఉంది. ఇంజిన్ బలం పెరగాలని హరనాథ్ టర్బో బిగించాడు, సత్యానందం సూపర్‌చార్జర్ బిగించాడు. ఇంతవరకు వాటితో లాగిన బరువేమీ లేదు. ఒకటి కిరాణా తెస్తుంది, రెండోది చర్చికి వెళ్లి వస్తుంది.

ఉమామహేశ్వరి పెసరట్ల ట్రైలర్‌లోకి పిండి బకెట్లు ఎక్కిస్తోంది. బ్లూ రిడ్జ్ కొండ అవతల శనివారం సంతలో ఆమెకో చోటుంది. వారమంతా ఇల్లు గడిచేది ఆ ఒక్క రోజు అమ్మకం మీదే. ఆమె పాత పికప్ కొండెక్కలేక రెండు వారాలుగా ఆలస్యం చేసింది. ఈ రెండింటిలో ఏదో ఒకటి బిగిస్తే లాగుతుందన్నాడు మెకానిక్. ఇవాళ కూడా పదకొండు దాటితే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని సంతవాళ్లు మెయిల్ పంపారు.

"టర్బో అంటే ఇంజిన్ వదిలే పొగతో తిరిగేది. ఎలాగూ వృథాగా పోయేదే కదా! ఎంత పొడుగు కొండైనా లాగుతుంది," అన్నాడు హరనాథ్.

"లాగుతుంది సార్, కాస్త ఆలోచించుకుని లాగుతుంది. నాది బెల్టుతో ఇంజిన్‌కే కట్టేసి ఉంటుంది. కాలు నొక్కగానే పలుకుతుంది."

"ఇంజిన్ బలమే తింటుంది కదయ్యా!"

"అంటే ఒకటి చెత్త అమ్ముకుని బతికేది, ఇంకోటి ముందే కమీషన్ పుచ్చుకుని చెప్పిన టైముకి సరుకు దింపేది," అంది ఉమామహేశ్వరి బకెట్ దించి. "బాగానే ఉంది. ఏది బిగిస్తే నా బండి తలుపు మీద కంపెనీవాడు రాసిన బరువు పరిమితి పెరుగుతుంది?"



"అది పెరగదు," అన్నాడు హరనాథ్.

"బ్రేకులు?"

"అవీ అవే అక్కా," అన్నాడు సత్యానందం చిన్నగా.

"అంటే కొండెక్కాక ఆపడం నా ఖర్మ!"

హరనాథ్‌కి చిరాకేసింది. "ఇవన్నీ ఆడవాళ్ల వల్ల అయ్యే పనులు కావమ్మా. ఈ ట్రైలర్ అమ్మేసి ఇంట్లోనే కేటరింగ్ చేసుకోరాదూ?"

ఉమామహేశ్వరి కొంగు బిగించింది. "అమ్మేదేదో నేను చూసుకుంటాను. ట్రైలర్ మాత్రం అమ్మను. పదకొండు కొట్టేసరికి నా పెనం కొండ అవతల కాలుతుంటుంది హరనాథ్ గారూ. కాలకపోతే రేపొచ్చి చెప్పండి, ఆడవాళ్ల సంగతి."

"ఎలా వెళ్తావు? అసలు నీ బండేదీ?"

"ఇవాళ రాదు."

"మరి?"

"గంట నుంచీ ఇద్దరూ నోటితోనే లాగుతున్నారు. ఒకసారి బండితో లాగి చూపించండి!"

సత్యానందం అప్పటికే తన పికప్ వెనక్కి తీస్తున్నాడు. వెళ్లేటప్పుడు అతను, వచ్చేటప్పుడు హరనాథ్. కొండ మొదటి నుంచి పైదాకా ఎన్ని నిమిషాలో చూడాలి. అదీ పందెం. రెండు పికప్‌లూ బయల్దేరాయి.

పదీ ఇరవైకి ట్రైలర్ సంతలో దిగింది. సంతవాడు గడియారం చూసుకుని వెళ్లిపోయాడు.

"ఇదేంటక్కా, రెండో పెనం! కొత్తదా?" అన్నాడు సత్యానందం లోపలికి తొంగి చూసి.

"ఈ వారమే వచ్చింది. చూస్తూ నిలబడకు తమ్ముడూ, అల్లం పచ్చడి గిన్నె అందుకో. హరనాథ్ గారూ, ఆ ప్లేట్లు ఇలా!"

రెండు పెనాలూ సాయంత్రం దాకా చల్లారలేదు. బకెట్లలో పిండంతా అయిపోయింది.

తిరుగు ప్రయాణంలో హరనాథ్ నలభై సెకన్లు తక్కువలో కొండెక్కించాడు. ఆష్‌బర్న్ చేరి దిగీ దిగగానే చెయ్యి చాచాడు. "ఒప్పుకో సత్యానందం!"

"ఎలా ఒప్పుకుంటాను సార్? నేను లాగింది నిండు ట్రైలర్. మీరు లాగింది ఖాళీది. పైగా అటువైపు కొండ వేరు, ఇటువైపు కొండ వేరు!"

 ఎంతైనా హరనాథ్ ఇంజనీరు. "నిజమే. డేటా చాలదు. వచ్చే శనివారం వెళ్లేటప్పుడు నేను లాగుతాను."

"ఆ పై వారం మళ్లీ నేను. వర్షంలో కూడా చూడాలి సార్."

"ఎండలో కూడా. కనీసం ఇరవై ట్రిప్పులైనా లేకపోతే లెక్కకు విలువే లేదు."

"మీకెందుకండీ ఇంత శ్రమ," అంది ఉమామహేశ్వరి, ఇద్దరికీ చెరో పెసరట్టు పొట్లం అందిస్తూ.

"శ్రమ కాదమ్మా, ఇది తేలాల్సిన విషయం!" హరనాథ్ అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి అక్టోబరు చివరిదాకా శనివారాలన్నీ నింపేశాడు. ఒకటి తనది, ఒకటి సత్యానందానిది. "అప్పటిదాకా నువ్వేదీ బిగించకు. మెకానిక్‌కి చెప్పు."

"సరేనండీ," అంది ఆమె బుద్ధిగా.

రెండు పికప్‌లూ మలుపు తిరిగాయో లేదో, మెకానిక్ దగ్గర్నుంచి ఫోన్.

"డిస్కౌంట్ సోమవారంతో అయిపోతుంది మేడమ్. మీ బండికి ఏది బిగించమంటారు?"

"ఇంకెక్కడి బండి?" అంది ఉమామహేశ్వరి, కొత్త పెనం తుడుస్తూ. "మంగళవారం దాన్ని అమ్మేగా ఈ పెనం కొన్నాను!"