ఎడంకాలు

ఎడంకాలోడి మీద మెకానిక్‌కి ఉన్న కోపం ఇంతా అంతా కాదు.

"బంగారంలాంటి గేర్‌బాక్సు. నాశనం చేసి పోయాడు నీకు ముందున్న డ్రైవరు," అన్నాడు కొత్త డ్రైవరుతో. "ఆటోమేటిక్ కారుకి క్లచ్ ఉండదు. ఎడంకాలికి పనే లేదు. మడిచి ఓ పక్కన పెట్టుకోవాలి. వీడు పెట్టుకుంటేగా? పాత వ్యాను మీద నేర్చుకున్న కాలు. లేని క్లచ్ కోసం తడుముకుంటూ పోయి బ్రేకు మీద ఆనేది."

షెడ్డు మధ్యలో లిఫ్టు మీద, నేలకి జానెడెత్తున, ఆ నల్ల కారు నిలబడి ఉంది. కొత్త డ్రైవరు వచ్చేసరికి ఇంజను ఆన్‌లో ఉంది. నాలుగు చక్రాలకీ బలం అందే కారు కదా, నాలుగూ గాల్లో తిరుగుతున్నాయి. ఎక్కడికీ పోకుండా తిరుగుతున్నాయి. మెకానిక్ లోపల మోకాళ్లు స్టీరింగుకి తగిలేలా ముడుచుకుని కూర్చుని, కళ్లు మూసుకుని ఏదో వింటున్నాడు.

"సీటు వెనక్కి జరుపుకోవచ్చుగా బాబాయ్?"

"ఎడంకాలోడి కొలతకి పెట్టుకున్నా. జరపను," అని దిగిపోయాడు. అప్పటి నుంచీ తిడుతూనే ఉన్నాడు.

కొత్త డ్రైవరు కారు చుట్టూ ఓసారి తిరిగాడు. ముట్టుకోలేదు.

"నిజం చెప్పనా? ఈ కారంటే నాకు భయం. పనిలో చేరిన కొత్తలో నాలుగు రోజులు నడిపాను. నా మాట వినలేదు. రెండో గేరు నుంచి మూడో గేరుకి పోయే ముందు ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది. నా ఒళ్లో ఇంకెవరో కూర్చుని నడుపుతున్నట్టే ఉండేది."

"ఉంటుంది. దెయ్యం కాదులే. ఈ రకం గేర్‌బాక్సు నడిపేవాడి కాలుని కనిపెట్టి చూస్తుంటుంది. ఎంత గట్టిగా తొక్కుతాడు, ఎక్కడ తటపటాయిస్తాడు, అన్నీ గుర్తు పెట్టుకుని దానికి తగ్గట్టు గేర్లు మారుస్తుంది. చదువుకున్నవాళ్లు చేసిన బాక్సు. జ్ఞాపకం ఎక్కువ, బుద్ధి తక్కువ. మనిషి పోయాడని దానికి ఎవరు చెప్పారు? ఇంకా వాడి కోసమే మారుస్తోంది."

కొత్త డ్రైవరు చేతులు రుద్దుకున్నాడు.

"పోయినవాణ్ణి అన్నేసి మాటలు ఎందుకు బాబాయ్? పాపం, డ్యూటీ దిగి మోపెడ్ మీద ఇంటికెళ్తూ పోయాడటగా."

"అందుకే తిడుతున్నా. ఇంత కారుని వానల్లో కూడా గీత పడకుండా నడిపినవాడికి, ఓ మోపెడ్‌ని ఇంటిదాకా తెచ్చుకోవడం చేతకాలేదు. నేను తిట్టక ఎవరు తిడతారు?"

ఫోను మోగింది. కారు ఓనరు. మెకానిక్ చేతులకి నూనె ఉందని స్పీకరు నొక్కాడు.

"మొదట పార్టు రాలేదన్నావు. తర్వాత ఆయిల్ రాలేదన్నావు. ఆ తర్వాత కంప్యూటర్ పాడైందన్నావు," అంది ఓనరు గొంతు. "ఈ సాయంత్రానికి కారు ఇంటికి రాకపోతే ట్రక్కు పంపిస్తా. ఆఫీసు బండ్లన్నీ కూడా వేరే షెడ్డుకి పోతాయి. ఇన్నాళ్లు ఊరుకున్నది నీ ముఖం చూసే."

"తెలుసు సార్."

ఆ ఆఫీసు బండ్లు లేకపోతే షెడ్డు షట్టరు ఎత్తడం దండగ. అదీ తెలుసు.

బల్ల మీద, కారు కంప్యూటరుని చదివే స్కానర్ చక్కగా వెలుగుతోంది. కొత్త డ్రైవరు దాని వంకా, మెకానిక్ వంకా చూశాడు.

"పాడైందన్నావుగా?"

"బాగైంది."

"మరింకేం? ఆ ఎడంకాలోడి గుర్తులన్నీ చెరిపెయ్యి. వెళ్లిపోతా."

"చెరిపితే పోతుంది. మళ్లీ రమ్మన్నా రాదు."

"పోవాలనేగా బాబాయ్ నేనొచ్చింది!"

మెకానిక్ లిఫ్టు దించాడు. చక్రాలు నేలకి ఆనాయి.

"ఒక్క రౌండు తిప్పు," అన్నాడు. "సీటు మాత్రం జరపకు. కాలు మెత్తగా వెయ్యి. గుడ్డు మీద వేసినట్టు."

మెకానిక్ పక్క సీట్లో కూర్చోలేదు. వెనక సీట్లో, ఓనర్లు కూర్చునే చోట, సీటుకి నూనె అంటకుండా కింద న్యూస్‌పేపరు వేసుకుని కూర్చున్నాడు. వీధి చివర మలుపు దాటాక ఎత్తు మొదలైంది. ఒకటో గేరు. రెండో గేరు. కారు ఆగీ ఆగనట్టు ఆగింది. ఎవరో ముందుకి వంగి, అటూ ఇటూ చూసుకుని, ఇక ఫరవాలేదు అనుకున్నట్టు. అప్పుడు మూడో గేరు పడింది.

అద్దంలో చూశాడు కొత్త డ్రైవరు. మెకానిక్ పెదాలు కదులుతున్నాయి. తిడుతున్నాడేమో అనుకున్నాడు.

"చాలు. తిప్పెయ్."

షెడ్డుకి రాగానే స్కానర్ వైరు కారుకి గుచ్చాడు. నేర్చుకున్నదంతా చెరిపేయాలా అని అడిగింది తెర. మెకానిక్ వేలు కాసేపు గాల్లోనే ఉంది. పక్కనే నిలబడ్డ కొత్త డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. వేలు దిగింది. తెర మీద గీత నిండింది. అంతే.

కొత్త డ్రైవరు సీటు బర్రున వెనక్కి లాక్కుని, కాళ్లు చాపి, వీధిలో ఓ చుట్టు తిప్పి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"వెన్నలా పోతోంది బాబాయ్. ఎవరూ లేరు లోపల, నేనొక్కణ్ణే. ఒక్క మీట నొక్కే పనికి ఇన్నాళ్లు తిప్పావే? ఎవడిదో కాలు, దాని కోసం ఓనరుతో గొడవ తెచ్చుకున్నావు."

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన వేలే మళ్లీ తుడుచుకున్నాడు. కారు వీధి చివర మలుపు తిరిగి ఎక్కడా ఆగకుండా ఎత్తు ఎక్కేసింది.

ఆ ఎడంకాలు మొట్టమొదటి అడుగు వేసింది ఈ షెడ్డులోనే, అతని చూపుడువేలు పట్టుకుని.