అంగారకుడి మీద మచ్చ

“సార్, గీ దూర్బీన్ మా వంటింటి దిక్కు ఎందుకు పెట్టిండ్రు?”

మేడ మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే అడిగింది ఎదురు బిల్డింగ్ శ్రీకళ. టెలిస్కోపుకి కన్ను ఆనించిన వెంకట్రావు తల తిప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో రోజూ మూడొందల మందికి ఫిజిక్స్ చెప్పే మనిషి, వంటింటి స్థాయికి దిగడం కష్టమే మరి.

“మీ వంటిల్లు కాదమ్మా. దానిపైన ఎర్రగా ఉందే, అంగారకుడు. నేను చూసేది దాన్ని.”

“ఇరవై రోజుల సంది చూస్తనే ఉన్నరు. ఇంకా అయిపోలేదా?”

తీగ మీద బట్టలు తీస్తున్న ఆయన భార్య వేదవతి అందుకుంది. “నువ్వేం బెంగపడకమ్మా. ఈయనకి మా ఇంట్లో ఏం కూరో తింటున్నప్పుడే తెలీదు. మీ ఇంట్లోది ఏం తెలుస్తుంది?”

వెంకట్రావు ఈ మాట విననట్టే ఉన్నాడు. ఎల్బీనగర్ దుమ్ములోంచి, మెట్రో లైట్ల మీదుగా, పది కోట్ల కిలోమీటర్ల అవతలి మచ్చను పట్టినవాడికి ఇలాంటివి వినిపించవు. నోటుబుక్కు తీసి శ్రీకళ చేతిలో పెట్టాడు. ఇరవై పేజీలు, ఇరవై ఎర్ర గుండ్రాలు, ఒక్కోదాని మధ్యలో మూడు మూలల నల్లమచ్చ.

“దీన్ని సిర్టిస్ మేజర్ అంటారు. అంగారకుడి మీద నల్లరాతి నేల. మన కాలనీ నుంచి దీన్ని పట్టడం మాటలు కాదు. ఆదివారం మా ఖగోళ సంఘంలో దీనిమీదే నా ప్రసంగం.”

శ్రీకళ వంగి టెలిస్కోపులో చూసింది. “నాకైతే ఎర్రగ, గుండ్రంగ కనవడుతుంది. మచ్చ లేదు.”

“అలవాటుండాలమ్మా. అందరికీ కనిపించేదైతే ఇక సైన్సెందుకు?”

ఆమె పేజీలు మెల్లగా తిరగేసింది. “గిది తిరగదా సార్?”

“ఎందుకు తిరగదూ? ఒక చుట్టుకి మన రోజు కంటే నలభై నిమిషాలు ఎక్కువ పడుతుంది. అందుకే రోజూ ఇదే టైముకి చూస్తే మచ్చ కొంచెం కొంచెంగా పక్కకి జరిగి…”

ఆగిపోయాడు. ఇరవై పేజీల్లోనూ మచ్చ నడిమధ్యనే ఉంది.

“గీయడంలో తేడా వచ్చుంటుంది,” అన్నాడు. గొంతు తగ్గింది.

“ఏ కన్నుతోటి చూస్తరు?”

“కుడి.”

“జర ఎడమతోటి చూడుండ్రి.”

చూశాడు. అంగారకుడు కడిగిన పళ్లెంలా ఉన్నాడు. “మచ్చ లేదు,” అన్నాడు. బట్టలు మడతపెడుతున్న వేదవతి చేతులు ఆగాయి.

శ్రీకళ వంటింటి సంగతి మర్చిపోయింది. ఆమె కళ్ల దవాఖానలో పదేళ్లుగా పరీక్షలు చేసే మనిషి. “సార్, ఎడమ కన్ను మూసి గా నీళ్ల ట్యాంకు దిక్కు చూడుండ్రి.”

లైటు వెలుగులో తెల్లగా మెరుస్తున్న ట్యాంకు వైపు తిరిగాడు వెంకట్రావు. దాని నడిమధ్యన, మూడు మూలలతో, సిర్టిస్ మేజర్ ఉంది.