పేరు మార్పు

“పేరు మార్చాలండీ. మా చెల్లెలి పేరు తీసేసి నా పేరు పెట్టించాలి. అంతే పని,” అంది టైలరమ్మ, కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోకుండానే.

పేటెంట్ల వ్యవహారాలు చూసే వకీలు కళ్లజోడు సవరించుకున్నాడు. ‘అంతే పని’ అంటూ వచ్చినవాళ్లతోనే అతనికి నెలల తరబడి పని పడుతుంది.

“ఏ వస్తువండీ?”

ఆమె సంచిలోంచి రుమాలు మూట తీసి బల్ల మీద విప్పింది. అగ్గిపెట్టెలో పట్టేంత ఇత్తడి రేకు, దానికో స్ప్రింగు, ఓ బుల్లి స్విచ్చి. కరెంటు కుట్టుమిషన్‌కి సూది పక్కన బిగించాలి. వేలు సూది దగ్గరికి పోతే ముందు రేకుకి తగులుతుంది. మోటారు ఠక్కున ఆగిపోతుంది.

“ఏడేళ్లు పట్టింది,” అంది. “నా షాపులో కుడుతుంటే మా చెల్లెలు చిట్టికి చూపుడువేలి గోట్లోంచి సూది దిగింది. పదహారేళ్లు అప్పుడు దానికి. అమ్మ పోయాక నా చేతుల్లోనే పెరిగింది. ఆ సూది లాగింది కూడా నేనే. ఆ రోజు నుంచి దీని మీద కూర్చున్నాను. చివరికి ఎవరి వేలి కోసం చేశానో ఆ వేలే నా కంట్లో పొడిచింది.”

“మన దేశంలో పేటెంటు మీ పేరు మీదే ఉందా?”

“ఆ, ఇక్కడ నాదే. చిట్టి పనిచేసేది ఈ మిషన్లు తయారయ్యే దేశంలో. ‘అక్కా, ఇక్కడ కూడా పెట్టు, మొదటి దరఖాస్తు నుంచి ఏడాది దాటితే ఆ అవకాశం పోతుందట’ అని ఫోనులో ఒకటే నస. చూద్దాంలే అన్నాను. స్కూలు యూనిఫారాల సీజను. తల గోక్కోవడానికి తీరికుంటేగా.”

పదకొండో నెలలో చెల్లెలు సెలవు మీద వచ్చిందట. పది రోజులుండి వెళ్లింది. వెళ్లాక చూస్తే సొరుగులో బొమ్మలు గీసిన కాగితాలు లేవు, రెండు నమూనాల్లో ఒకటి లేదు.

“వారానికి ఫోన్ చేసింది. ‘అక్కా, తిట్టకు, ఇక్కడ దరఖాస్తు పెట్టేశాను’ అంది. ఎవర్నడిగి పెట్టావే దొంగదానా అన్నాను. ఇంకేదో చెప్పబోయింది. ఫోన్ పెట్టేశాను.”

“తర్వాత?”

“మళ్లీ ఎత్తితే ఒట్టు. ఎవరైనా దాని పేరెత్తితే లేచి వెళ్లిపోయేదాన్ని. కవర్లు పంపింది, మూడు. ఒక్కోటీ ఇంత మందం. బతిమాలుతూ రాసుంటుంది. విప్పకుండానే తిప్పి పంపించాను. నా కోపం సంగతి దానికి తెలుసు.”

ఆ చివరి మాట కాస్త గొప్పగానే అంది. కోపం గురించి గొప్పగా చెప్పుకోవడం ఈమెతోనే మొదలు కాలేదులెండి.

“సరే. ఆవిడ ఒప్పుకుంటే పేరు మార్పు తేలికే,” అన్నాడు వకీలు. “ఓ కాగితం మీద సంతకం చాలు.”

ఆమె రుమాలు కొసలు మడిచింది. విప్పింది. మళ్లీ మడిచింది.

“పోయిందండీ. నాలుగు నెలలైంది. జ్వరమని ఆసుపత్రిలో చేరిందట, వారం కూడా ఉండలేదు. దానితో గదిలో ఉండే అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది.”

వకీలు కంప్యూటర్ మీద నుంచి చేతులు తీసేశాడు.

“నేను దానితో ఆఖరుసారి అన్న మాట ‘దొంగదానా’ అండీ,” అంది ఆమె. ఇక ఏడుపు ఆపుకోలేదు. “చచ్చిపోయినదాన్ని ఇంకా దొంగ అనుకుంటూ బతకడం నావల్ల కావట్లేదు. నా వస్తువు నా పేరు మీదికి వచ్చేస్తే దాన్ని క్షమించేస్తాను. అందుకే వచ్చాను. డబ్బు కోసం కాదు.”

వకీలు మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకి జరిపాడు. ఆమె తాగేలోపు ఆ దేశపు పేటెంట్ ఆఫీసు రికార్డులు తెరిచి, ఇక్కడి దరఖాస్తు నంబరు కొట్టి వెతికాడు. పరాయి లిపి. అనువాదం వచ్చేదాకా ఆగాడు. చాలాసేపు చదివాడు.

“దొరికిందమ్మా. కానీ దరఖాస్తు కొట్టేశారు, పోయిన ఏడాదే.”

“కొట్టేయడమేమిటి?”

“అక్కడ ముందు దరఖాస్తు పెట్టి, సంతకాల కాగితాలు తర్వాత ఇవ్వొచ్చు. మూడుసార్లు గడువిచ్చారు. మూడుసార్లూ సంతకం రాలేదు.”

“పోనీ ఇప్పుడు నేను మళ్లీ పెడతాను.”

“కుదరదు. ఏడాది గడువు ఎప్పుడో దాటింది. పైగా వివరాలన్నీ బొమ్మలతో సహా వాళ్లు అచ్చువేసేశారు. ఇక అది కొత్త వస్తువు కిందికి రాదు. అక్కడ ఎవరైనా చేసుకోవచ్చు.”

ఆమె ఇత్తడి రేకుని దగ్గరికి లాక్కుంది. ఏడేళ్లు. అంతలోనే, కళ్లు తుడుచుకుంటూనే, పాత అక్క బయటికొచ్చింది.

“చూశారా దాని పని? అంత కష్టపడి ఎత్తుకెళ్లి, ఒక్క సంతకం గీకడానికి బద్ధకమేసింది. చిన్నప్పట్నుంచీ అంతేనండీ. బొత్తాం కుట్టి చివర ముడి వేయడం మర్చిపోయేది. ఎన్ని మొట్టికాయలు తిందో.”

నవ్వబోయింది. వకీలు నవ్వలేదు.

“సంతకం చేయాల్సింది ఆవిడ కాదమ్మా, కనిపెట్టిందెవరు అన్నచోటా హక్కు ఎవరిది అన్నచోటా ఆవిడ రాయించింది మీ పేరే,” అన్నాడు.