నిమిషానికి రెండు వందల ఇరవై

మొదటి సీసా వేదిక దాకా రాలేదు. రెండోది గిటారు వాయిస్తున్న అన్న కనుబొమ్మ చీల్చింది.

మెటల్ బ్యాండు అన్నాక సీసాలు పడతాయి. అది ఆ అన్నదమ్ములకు కొత్త కాదు. ఒకప్పుడు జనం పూనకమొచ్చి విసిరేవాళ్ళు. ఇప్పుడు గురి చూసి విసురుతున్నారు.

"ఎద్దుబండి, ఎద్దుబండి" అని మైదానమంతా ఒకటే కేక.

అన్న వాయించేది గిటారు. తమ్ముడివి డ్రమ్ములు. పదిహేనేళ్ళ కిందట ఇద్దరూ కలిసి పెట్టిన బ్యాండు అది. మొదటి ఆల్బమ్ రేకుల కప్పు మీద వడగళ్ళ వాన. విన్నవాడికి ఊపిరి తీసుకునే సందు ఉండేది కాదు. పాటలన్నిటికీ ఒకటే వేగం, నిమిషానికి రెండు వందల ఇరవై దెబ్బలు. అదే వాళ్ళ గొప్ప. రెండో ఆల్బమ్‌కి వాన కాస్త తెరిపిచ్చింది. మూడోదానికి "పాటలో లోతు పెరిగింది" అని పత్రికలు రాశాయి. నాలుగోది బురదలో దిగబడ్డ బండి. దాన్ని ఎవరూ లోతు అనలేదు.

ఆల్బమ్‌లు వేసే కంపెనీవాళ్ళు ఒకటే మాట చెప్పారు. వచ్చే నెల పెద్ద కచేరీలో మొదటి ఆల్బమ్ మొత్తం పాత వేగంతో వాయించాలి. లేదంటే బ్యాండు మూసుకోవాలి.

వేగం ఎక్కడ పోయిందో అన్నకు తెలుసు. డ్రమ్ము ఎలా నడిస్తే పాట అలా నడుస్తుంది. టిక్కుటిక్కుమంటూ వేగం చెప్పే మిషను కూడా తమ్ముడి చెవికే ఉంటుంది. మిగతావాళ్ళకు వినపడదు. వాడు ముల్లు ఏ అంకె మీద పెడితే అందరూ అంతే.

వేదిక వెనక గదిలో, రక్తమైనా తుడుచుకోకుండా అన్న తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు.

"ఎంతలో పెట్టావురా ఆ మిషను?"

తమ్ముడు అతని చేతి వంక చూశాడు.

"రోజూ చూస్తూనే ఉన్నా. డ్రమ్ముల మీద చూపుండదు. దొంగలా నా చేతి వంకే చూస్తుంటావు. నా చేతికేమన్నా నీ తాళం వేలాడుతోందా?"

"ఒకసారి డాక్టరుకి చూపించుకో అన్నా."

"ఈ గాటుకి డాక్టరా? నాకేం కాలేదు. చూపించుకోవాల్సింది నువ్వు."

ఎడమ చేత్తో చెంప మీద కొట్టాడు. ఎడమ చేత్తోనే మళ్ళీ కొట్టాడు. తమ్ముడి పెదవి చిట్లి గోడ మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. బ్యాండు గాయకుడు అడ్డం వచ్చాడు.

"ఇది మా ఇంటి గొడవ. నువ్వు పాడుకో పో."

తమ్ముడు చెయ్యెత్తలేదు. కింద కూర్చుని, డ్రమ్ము పుల్లలు ఇనప్పెట్టెలో సర్దుకోబోయాడు. తిరగబడినా బావుండేది. ఆ ఓర్పుకే అన్నకు ఒళ్ళు మండింది. పెట్టె మూతను కాలితో తన్నాడు. అది తమ్ముడి మణికట్టు మీద పడింది. చాలదన్నట్టు మూత మీదికెక్కి తొక్కాడు. ఎండుకొమ్మ విరిగిన చప్పుడైంది.

"పీడా పోయింది. ఇక నువ్వు వాయించలేవు."

తమ్ముడి మొహం పాలిపోయింది. అరవలేదు. పళ్ళ బిగువున ఒకటే మాట అన్నాడు.

"నా చోటికి వచ్చేవాళ్ళను నీకు ఎదురుగా కూర్చోబెట్టుకో అన్నా."

కట్టు విప్పినా ఆ చెయ్యి పుల్ల పట్టదని డాక్టరు చెప్పాడట. భార్య ఆ కబురు చెబుతుంటే అన్న చేతిలోంచి టీ గ్లాసు జారి పగిలింది. గ్లాసు సరిగ్గా తోమలేదని ఆమెను నాలుగు తిట్టాడు.

పది రోజులకు కొత్త డ్రమ్మరు దొరికింది. ముప్పై ఏళ్ళ మనిషి. ఆమెను అందరూ పిడుగు అంటారు. ఆమె కాళ్ళూ చేతులూ ఆడించే వేగం ముందు మొదటి ఆల్బమ్ ఒక లెక్క కాదు.

రేకుల షెడ్డులో సాధన. తమ్ముడు వదిలేసిన ఇనప్పెట్టెలోంచి ఆమె మిషను తీసింది.

"ముల్లు పైకి జరుపు," అన్నాడు అన్న. "మా వాడు దించీ దించీ బ్యాండుని చంపాడు. రెండు వందల ఇరవైలో పెట్టు."

ఆమె మిషనును వెలుతురుకు తిప్పి చూసింది. "అందులోనే ఉందన్నా. ముల్లు కదలకుండా పైన టేపు వేసుంది. ఏనాటిదో, పసుప్పచ్చగా అయిపోయింది. గోటితో గీకినా ఊడట్లేదు."

"పోతూ పోతూ అంటించుంటాడు, వాడి తెలివి నాకు తెలీదా. సరే, కానివ్వు."

ఆమె ఎదురుగా కూర్చుని నాలుగు లెక్కపెట్టింది. షెడ్డు అదిరింది. వడగళ్ళ వానే. అన్న కళ్ళు మూసుకున్నాడు. ఎన్నాళ్ళకు. కనుబొమ్మ మీది గాటు మళ్ళీ పగిలేలా నవ్వాడు.

పాట సగానికి వాన తెరిపిచ్చింది. మూడో చరణానికి బండి చక్రాలు బురదలో దిగబడ్డాయి.

అన్న కళ్ళు తెరిచాడు. గిటారు నేలకేసి కొట్టాడు. మైకు పెట్టే ఇనప కడ్డీ ఎత్తి ఆమె మీదికి వెళ్ళాడు.

"నీకూ అంటుకుందా వాడి జబ్బు? ఎందుకు తగ్గావు?"

ఆమె కదల్లేదు. చెవిలోని ఇయర్‌ఫోను తీసి డ్రమ్ము మీద పెట్టింది. మిషను అదే పాత వేగంతో టిక్కుటిక్కుమంటోంది.

"నేను తగ్గలేదన్నా, మీ కుడిచెయ్యి వెనకబడిన చోటల్లా మీ కోసం ఆగాను."