బూడిద చెయ్యి

"ఆ డబ్బా తీసెయ్ మరదలా. వైరు నేరుగా తగిలించు" అన్నాడు బావ.

బావ కొన్న పాత కంప్యూటర్‌కు సొంత తెర లేదు. పక్కనున్న ఆసిలోస్కోపు, అంటే కరెంటు అలల్ని గీతలుగా చూపే యంత్రం, దాని గాజు తెర మీదే బొమ్మ కనిపించాలి. రెంటికీ మధ్య వైరులో నేనొక చిన్న డబ్బా పెట్టాను. స్కోపులోని హైవోల్టేజీ ఎప్పుడైనా వెనక్కి తంతే డబ్బాలో ఫ్యూజు మాడుతుంది, కంప్యూటర్ బతుకుతుంది.

పదేళ్ల క్రితం ఇదే స్కోపుకు నాన్న కంప్యూటర్‌ను తగిలించాను. నిమిషంలో కంప్యూటర్ కాలిపోయింది. "స్కోపు నేనే బాగుచేశాను, దానికేం రోగం లేదు. దీని చెయ్యి పడితే ఏదైనా బూడిదే" అన్నాడు బావ. ఇంట్లో అందరికీ నేను బూడిద చెయ్యినయ్యాను. పోయేదాకా నాన్న నన్ను తన బల్ల ముట్టుకోనివ్వలేదు.

ఇప్పుడు అక్క, చుట్టాలు, బావ ఆఫీసువాళ్లు చుట్టూ మూగి చూస్తున్నారు. డబ్బా ఊడబీకితే చాలు, బావ కంప్యూటర్ వీళ్లందరి ముందే మాడిపోతుంది, నా కసి తీరిపోతుంది.

"ఉండనివ్వండి బావా" అని స్విచ్ వేశాను.

బొమ్మ వచ్చింది. వణికింది. డబ్బాలో టప్‌మంది. స్కోపు చీకటైపోయింది గాని కంప్యూటర్ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

బావ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "బతికించావమ్మా."

"కాలిపోతే మళ్లీ నా చెయ్యే అనేవారుగా."

నల్లగా మాడిన ఫ్యూజు తీసి అక్క అరచేతిలో పెట్టాను.

"అక్కా, ఈ స్కోపును బాగుచేసిన చెయ్యి ఎవరిదో ఒకసారి అందరికీ చెప్పు."